పాత నియమము – క్రొత్త ప్రోగ్రాము

పది మీటర్ల ఎత్తునుండి ఒక రాయిని వదలినచో అది సుమారు 1.43 సెకనులలో నేలను తాకును. ఈ లెక్కను 2017లో చేసినను, 2025లో చేసినను జవాబు ఒక్కటే. గురుత్వాకర్షణ నియమమునకు అమలు తేదీ లేదు. దానిని సవరించుచు ఏ ప్రభుత్వమును ఉత్తరువు వెలువరింపలేదు.

ఇప్పుడు మరియొక ప్రశ్న. పన్ను కాక నూరు రూపాయల వెలగల షాంపూ సీసాకు మనము ఎంత చెల్లించవలెను? ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేము. “ఏ తేదీన కొన్నారు?” అని ఎదురు ప్రశ్న వేయక తప్పదు. వస్తు సేవల పన్ను మొదలైన 2017 జూలై 1వ తేదీనాడు షాంపూపై పన్ను 28 శాతము. కావున చెల్లించవలసినది 128 రూపాయలు. అదే సంవత్సరము నవంబరు 15వ తేదీనుండి పన్ను 18 శాతమైనది, 118 రూపాయలు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి 5 శాతమైనది, 105 రూపాయలు. సీసా అదే, అందలి పదార్థము అదే, నియమము మాత్రము మారినది.

ప్రకృతి నియమములకును, మనుష్యులు చేసికొనిన నియమములకును గల ముఖ్యమైన భేదము ఇదియే. ప్రకృతి నియమమునకు కాలముతో నిమిత్తము లేదు. మనుష్యుల నియమమునకు ఒక పుట్టినరోజు ఉండును. చాలసార్లు ఒక చివరిరోజు కూడ ఉండును. దుకాణములు, బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయములు నేడు తమ లెక్కలను కంప్యూటరు ప్రోగ్రాములకు అప్పగించినవి. ఆ ప్రోగ్రాములను కొన్ని ఏండ్లకొకసారి క్రొత్త కూర్పునకు మార్చుచుందురు. అట్లు మార్చునపుడు, ఏండ్ల తరబడి పేరుకొనిన పాత నియమములను ఏమి చేయవలెను? పారవేయవలెనా? అన్నిటిని మూటగట్టి క్రొత్త ఇంటికి మోసికొనిపోవలెనా? ఈ వ్యాసములో విచారింపబోవు విషయము ఇది.

యంత్రము వేరు, నియమము వేరు

బిల్లు వేయు ప్రోగ్రామును విప్పి చూచినచో అందు రెండు రకముల సంగతులు కనిపించును. మొదటిది యంత్రాంగము: వెలను శాతముతో గుణించుట, కూడుట, కాగితముపై అచ్చు వేయుట. ఇది గణితమునకు సంబంధించినది. ఏ మంత్రివర్గము మారినను 100లో 18 శాతము 18 మాత్రమే. రెండవది నియమము: ఏ వస్తువునకు ఎంత శాతము, ఏ తేదీనుండి, ఎవరికి మినహాయింపు. దీనిని వ్యాపార నియమము అందురు. “వ్యాపార” అను మాటను చూచి ఇది అంగడికే చెందినదని తలపరాదు. ఉపాధ్యాయుని కరవు భత్యము ఎంత, విద్యార్థికి ఉత్తీర్ణత మార్కులు ఎన్ని, ఉద్యోగి ఏ వయసున విశ్రాంతి పొందును అనునవి కూడ ఈ కోవకు చెందినవే.

ప్రోగ్రామును మొదట వ్రాసినవారు తొందరలో ఈ రెండింటిని కలిపివేయుదురు. “వెలను 28తో గుణించి నూరుతో భాగించుము” అని వ్రాసిరనుకొందము. గుణకారము యంత్రాంగము, 28 నియమము. రెండును ఒకే వాక్యములో, పాలు నీరు వలె కలిసిపోయినవి. చిక్కంతయు ఇక్కడనే ఆరంభమగును.

నియమములు ఎట్లు చెల్లాచెదరగును?

ఒక చిన్న దుకాణమును ఊహింపుడు. 2017 నవంబరు 15వ తేదీ ఉదయమున ప్రోగ్రాములోని 28ని చెరిపి 18 వ్రాసినారు. పని సులభముగా ముగిసినది. ఐదు రోజుల తరువాత ఒకామె 12వ తేదీన కొన్న సీసాను తిరిగి తెచ్చినది. ఆమె చెల్లించినది 128 రూపాయలు. ప్రోగ్రాము మాత్రము 118 రూపాయలే తిరిగి ఇమ్మని చెప్పుచున్నది. ఆ బిల్లు పాత నియమము క్రింద పుట్టినది. దానిని రద్దు చేయుట కూడ పాత నియమము ప్రకారమే జరుగవలెను. ప్రోగ్రాము ఆ పాత నియమమును మరచినది.

అప్పుడు రెండవ మరమ్మతు చేసినారు. బిల్లు వేయు భాగములో “తేదీ నవంబరు 15 కంటె ముందైనచో 28, లేకున్న 18” అని వ్రాసినారు. సరుకు వాపసు తీసికొను భాగమును మరియొకరు సరిదిద్దుచు “నవంబరు 15 వరకు 28, ఆ తరువాత 18” అని వ్రాసినారు. పైకి రెండు వాక్యములును ఒకటే వలె నున్నవి. కాని సరిగా 15వ తేదీన ఏమగును? మొదటి భాగము 18 అనును. రెండవది 28 అనును. ఆ ఒక్కరోజు కొన్న సరుకు వాపసు వచ్చినప్పుడెల్ల దుకాణదారుడు నూటికి పది రూపాయలు నష్టపడును. నెలసరి పన్ను లెక్క తయారుచేయు భాగములో మూడవ నకలు, నిలువ సరుకు లెక్కలో నాల్గవ నకలు. ఎనిమిదేండ్లు గడచునప్పటికి ఒకే నియమము పదిచోట్ల పది రూపములలో ఉండును. వానిలో ఏది సరియైనదో చెప్పగలవారు ఎవరును మిగులరు.

ఈ దశలో ప్రోగ్రామును క్రొత్త కూర్పునకు మార్చవలసివచ్చినది అనుకొందము.

రెండు తప్పుదారులు

“పాత ఒక రోత, క్రొత్త ఒక వింత” అని మనలో సామెత కలదు. ఈ సామెతను నమ్మినవారు పాత నియమములనన్నిటిని ఊడ్చిపారవేసి, ఈనాటి శాతములను మాత్రమే క్రొత్త ప్రోగ్రాములో వ్రాయుదురు. అట్టి ప్రోగ్రాము ఈరోజు బిల్లును చక్కగా వేయును. నిరుటి బిల్లును అడిగినచో తడబడును. ఇది మొదటి తప్పుదారి.

ఇక రెండవ తప్పుదారి: పాతది ముట్టుకొన్నచో ఏమి చెడునో అను భయముతో, అర్థము కానిదానిని కూడ ఉన్నదున్నట్లు క్రొత్తదానిలోనికి ఎత్తిపెట్టుట. దీని ఫలితము ఎట్లుండునో 1996 జూన్ 4వ తేదీన ప్రపంచము చూచినది. ఆనాడు ఫ్రెంచి గయానాలోని కూరూ కేంద్రమునుండి ఏరియేన్ 5 రాకెట్టు మొదటిసారి పైకి లేచినది. దాని దిశను తెలుపు ప్రోగ్రామును పూర్వపు ఏరియేన్ 4 నుండి తెచ్చుకొన్నారు. అందులో ఒక భాగము ఏరియేన్ 4కు మాత్రమే అవసరమైనది. రాకెట్టు లేచిన తరువాత కూడ సుమారు 40 సెకనులు పనిచేయుచుండుట దాని అలవాటు. క్రొత్త రాకెట్టుకు దానితో పనిలేదు. అయినను ఉంచినారు. ఆ భాగము ఒక కొలతను 32,767కు మించని సంఖ్యలు మాత్రమే పట్టు గదిలో దాచుకొనును. ఏరియేన్ 4 విషయములో ఆ గది చాలినది. ఏరియేన్ 5 గమనము వేరు. దాని కొలత ఆ గదిని మించిపోయినది. దిశను తెలుపు పరికరము పని మానినది. సుమారు 40 సెకనులలో రాకెట్టు గాలిలోనే ముక్కలైనది. పాత నియమము “ఇది ఏ పరిస్థితులలో చెల్లును?” అను షరతును వెంటతీసికొని రాలేదు. ప్రమాదమునకు మూలము అదే.

ఈ రెండు తప్పులును సగము సగము కలిసినచో మరింత ప్రమాదము. 2012 ఆగస్టు 1వ తేదీన అమెరికాలోని నైట్ క్యాపిటల్ అను షేర్ల వ్యాపార సంస్థ తన ప్రోగ్రాములో క్రొత్త నియమమును ప్రవేశపెట్టినది. అది ఎనిమిది సర్వరులలో పనిచేయవలసినది. ఏడింటిలో క్రొత్త కూర్పు చేరినది. ఎనిమిదవ దానిలో చేర్చుట తప్పిపోయినది. అందులో 2003 నుండి వాడుకలో లేని ఒక పాత భాగము ఇంకను పడియున్నది. క్రొత్త నియమమును మేల్కొలుపుటకు ఎన్నుకొన్న సంకేతము, పూర్వము ఆ పాత భాగమును మేల్కొలుపుటకు వాడిన సంకేతమే! ఏడు సర్వరులలో ఆ సంకేతము క్రొత్త నియమమును లేపినది. ఎనిమిదవ దానిలో నిద్రించుచున్న పాత భాగమును లేపినది. పాత భాగమునకు పూర్వము “కావలసినన్ని షేర్లు వచ్చినవి, ఇక చాలు” అని ఆపు లెక్క ఒకటి తోడుగా నుండెడిది. 2005లో ఆ లెక్కను ప్రోగ్రాములో వేరొకచోటికి మార్చినారు. మార్చిన తరువాత పాత భాగమును పరీక్షించి చూడలేదు. కాబట్టి అది “చాలు” అనుట ఎరుగక ఆర్డర్లు పంపుచునే యున్నది. సుమారు 45 నిమిషములలో 40 లక్షలకు మించిన లావాదేవీలు జరిగినవి. సంస్థకు 46 కోట్ల డాలర్లకు పైగా నష్టము వచ్చినది.

చట్టము ముందే చెప్పిన సంగతి

మరి సరియైన దారి ఏది? విచిత్రమేమనగా, కంప్యూటరు పుట్టక పూర్వమే న్యాయశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పియున్నారు. మన దేశములో 1897 నాటి సాధారణ నిబంధనల చట్టము, 6వ విభాగములో, ఒక చట్టమును రద్దుచేసినను, దాని క్రింద అంతకుముందే ఏర్పడిన హక్కులును, బాధ్యతలును సామాన్యముగా చెడవని చెప్పుచున్నది. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అంతకు ముందురోజు జరిగిన నేరమును మాత్రము 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారమే విచారింతురు. పల్లెలలో పూర్వము కరణముగారికి కూడ ఈ సంగతి తెలియును. శిస్తు మారిన తరువాత కూడ పాత బకాయిని పాత లెక్క ప్రకారమే వ్రాసికొనెడివారు.

దీనినిబట్టి ఒక సూత్రము చెప్పవచ్చును. ఒక నియమము క్రింద పుట్టిన వ్యవహారము బ్రతికియున్నంత కాలము ఆ నియమము చావలేదు. అది క్రొత్త వ్యవహారములను పుట్టించుట మానినది, అంతే. కావున నియమముల ఏకీకరణము అనగా పాతవానిని పారవేయుట కాదు. ప్రతి నియమమును ఒక్కసారి మాత్రమే, ఒక్కచోట మాత్రమే, దాని తేదీలతో సహా వ్రాసియుంచుట.

ఏకీకరణము చేయు విధము

మొదటి పని సేకరణ. ప్రోగ్రాములోని పదిచోట్లనుండి, ప్రభుత్వ ఉత్తరువులనుండి, అనుభవముగల గుమాస్తాల జ్ఞాపకమునుండి నియమములను ఏరి ఒక్కొక్కదానిని ఒక్కొక్క చీటిపై వ్రాయవలెను. చీటిపై నాలుగు సంగతులుండును: విషయము, విలువ, ఆరంభపు తేదీ, ఆధారము. ఆధారము లేని చీటిని వెంటనే చింపివేయరాదు. కేంద్ర ప్రభుత్వోద్యోగులు 60 ఏండ్లు నిండిన నెల చివరిరోజున విశ్రాంతి పొందుదురు. కాని నెలలో 1వ తేదీన పుట్టినవారికి వేరొక నిబంధన గలదు. వారు అంతకుముందు నెల చివరిరోజుననే వైదొలగవలెను. 1965 ఆగస్టు 2వ తేదీన పుట్టినవారు 2025 ఆగస్టు 31న విశ్రాంతి పొందినచో, ఒకరోజు ముందు పుట్టినవారు జూలై 31ననే పొందుదురు. ప్రోగ్రాములో “తేదీ 1 అయినచో ఒక నెల తగ్గించుము” అను వాక్యము కనిపించినపుడు, కారణము తెలియనివారు అది ఎవరో చేసిన పొరపాటని తలచి తీసివేయవచ్చును. అట్లు చేసినచో ఎందరికో పింఛను లెక్క తప్పును.

రెండవ పని పట్టిక. షాంపూ చీటీలను వరుసగా పేర్చినచో ఇట్లుండును:

2017 జూలై 1 నుండి – 28 శాతము
2017 నవంబరు 15 నుండి – 18 శాతము
2025 సెప్టెంబరు 22 నుండి – 5 శాతము

ముగింపు తేదీలను వ్రాయలేదని గమనింపుడు. ఒక వరుస యొక్క ముగింపు తరువాతి వరుస యొక్క ఆరంభమే. ఆరంభపు తేదీ ఆ వరుసలో చేరును; తరువాతి వరుస ఆరంభపు తేదీ చేరదు. గణితములో ఒక కొన మూసి, ఒక కొన తెరచియున్న అంతరము ఎట్టిదో ఇదియు అట్టిదే. ఇట్లు వ్రాసినచో రెండు వరుసల నడుమ ఖాళీ ఉండదు. ఒకదానిపై ఒకటి పడదు. ఏ తేదీని అడిగినను ఒకే ఒక జవాబు వచ్చును. గణితోపాధ్యాయులు ప్రమేయమునకు చెప్పు లక్షణము ఇదే గదా! వెనుక చెప్పిన “15వ తేదీ” తగవు ఇక్కడ పుట్టుటకే వీలులేదు. బిల్లు, వాపసు, పన్ను లెక్క, నిలువ లెక్క అన్నియు ఈ ఒక్క పట్టికనే అడుగును. రేపు శాతము మారినచో ప్రోగ్రామును ముట్టనక్కరలేదు. పట్టికలో ఒక వరుస చేర్చిన చాలును.

మూడవ పని కలుపుట. ఇక్కడ మిక్కిలి జాగ్రత్త కావలెను. కొబ్బరినూనె విషయములో పూర్వము పేచీలుండెడివి గనుక, తలనూనెగా అమ్ముడగు సరుకునే తీసికొందము. నేడు తలనూనెపై పన్ను 5 శాతము, షాంపూపైనను 5 శాతమే. 2025 సెప్టెంబరునకు పూర్వము రెండింటికిని 18 శాతమే. అందుచేత రెండును ఒకే నియమమని తలచి ఒకే పట్టికగా కలిపినచో ఏమగును? 2017 జూలై, నవంబరుల నడుమ షాంపూ 28 శాతము, తలనూనె 18 శాతము. ఆ నాలుగున్నర నెలల లెక్క చెడిపోవును. ఈనాడు సమానముగా నుండుట కలుపుటకు చాలదు. చరిత్ర అంతయు సమానముగా నుండవలెను. అదియును చాలదు; రెండింటికిని మూలమైన ఉత్తరువు ఒకటియే యని తెలియవలెను. యాదృచ్ఛికముగా సమానమైన రెండు సంఖ్యలు రేపు విడిపోవచ్చును.

ఆరు వాక్యములు ఒక వాక్యమైన తీరు

కలుపుట ఎంత అందముగా నుండునో తెలుపుటకు ఒక ఉదాహరణము. పన్ను శాతము మారిన రోజులలో, పాత శాతము వర్తించునా, క్రొత్తది వర్తించునా అను సందేహము వచ్చును. సేవల విషయములో మూడు సంఘటనలు ఉండును: సేవ చేయుట, బిల్లు ఇచ్చుట, సొమ్ము అందుట. ఇవి మూడును మార్పునకు ముందే జరిగినచో పాత శాతము. మూడును తరువాత జరిగినచో క్రొత్త శాతము. కొన్ని ముందు, కొన్ని తరువాత జరిగినచో? వస్తు సేవల పన్ను చట్టము 14వ విభాగములో ఇట్టి సందర్భములను ఆరింటిని విడివిడిగా వ్రాసినారు.

ఆరే ఎందుకు? ఒక్కొక్క సంఘటనకు “ముందు”, “తరువాత” అని రెండు స్థితులు. మూడు సంఘటనలకు 2 × 2 × 2, అనగా 8 స్థితులు. అన్నియు ముందు, అన్నియు తరువాత అను రెండింటిని తీసివేయగా మిగిలినవి 6. ఒకానొక పాత ప్రోగ్రాములో ఇవి ఆరు షరతులుగా, ఆరుచోట్ల ఉండవచ్చును. కాని ఆరింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఒక సంగతి బయటపడును: మూడింటిలో ఏ రెండు ఏ ప్రక్కన నుండునో, ఆ ప్రక్క శాతమే వర్తించుచున్నది. ఇది పంచాయతీలో మెజారిటీ వంటిది!

సౌందర్యాలంకరణ సేవలపై పన్ను 2025 సెప్టెంబరు 22న 18 నుండి 5 శాతమునకు తగ్గినది. 20వ తేదీన పెండ్లికూతురును అలంకరించి, 21న బిల్లు ఇచ్చి, 25న సొమ్ము తీసికొనినచో రెండు సంఘటనలు ముందున్నవి. కావున 18 శాతము. అదే బిల్లును 23న ఇచ్చినచో రెండు సంఘటనలు తరువాత జరిగినవి; కావున 5 శాతము. ఆరు వాక్యములు ఒక వాక్యమైనవి. అయితే “ఒకటే వలె నున్నది” అని ఊరుకొనక, ఎనిమిది స్థితులను ఒక్కొక్కటిగా వేసి సరిచూచిన పిమ్మటనే పాత ఆరింటిని తొలగింపవలెను.

వర్తించు తేదీ, తెలిసిన తేదీ, వర్తించు చోటు

ఉపాధ్యాయులకు అనుభవములో నున్న మరియొక చిక్కు గలదు. కరవు భత్యము పెంపు తరచుగా కొన్ని నెలలు గడచిన తరువాత ప్రకటింపబడును. కాని వెనుకటి తేదీనుండి వర్తించును. ఆ తేడాయే బకాయి. ఇట్టి నియమమునకు రెండు తేదీలు కావలెను: వర్తించు తేదీ ఒకటి, మనకు తెలిసిన తేదీ ఒకటి. మొదటిది మాత్రమే ఉంచినచో, మార్చి నెలలో తక్కువ జీతము ఎందుకు ఇచ్చినారని తనిఖీదారు అడిగినపుడు జవాబుండదు. ఆనాడు తెలిసిన నియమము ప్రకారము ఆ జీతము సరియైనదే; ఈనాడు తెలిసినదాని ప్రకారము బకాయి యున్నది. రెండు మాటలును నిజమే. మంచి పట్టిక రెండింటిని చెప్పగలుగవలెను.

తేదీతోపాటు చోటు కూడ కావలసిన సందర్భమును మన రాష్ట్రములే చూపినవి. 2014 జూన్ 2వ తేదీకి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగుల విశ్రాంతి వయసు 58. రాష్ట్రము విడిపోయిన పిదప ఒకే నియమము రెండు కొమ్మలైనది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లోనే 60 అయినది. 2022 జనవరిలో ప్రకటన వెలువడి, ఆ నెల 1వ తేదీనుండియే వర్తించునట్లు 62 అయినది. తెలంగాణములో 2021 మార్చి వరకు 58 గానే యుండి, అప్పుడు 61 అయినది. 1957 మే 10వ తేదీన పుట్టిన ఇద్దరు ఉపాధ్యాయులను తీసికొనుడు. తెలంగాణమునకు చెందినవారు 2015 మే నెలాఖరున విశ్రాంతి పొందిరి. ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు 2017 మే నెలాఖరున పొందిరి. అదే తేదీన 1963లో పుట్టినవారికి క్రమముగా 2024 మే, 2025 మే. రెండు కొమ్మలకు వేరు ఒక్కటే. కావున 2014 వరకు నియమమును ఒకసారి వ్రాసి, అక్కడినుండి రెండుగా చీల్చవలెను. మొదటినుండి రెండు నకళ్ళు వ్రాసినచో, ఒకదానిలో దిద్దిన తప్పు రెండవదానిలో నిలిచిపోవును.

మన జేబులోని ఆదర్శ పట్టిక

ఇట్టి పట్టికను చక్కగా నిర్వహించుట సాధ్యమేనా అను సందేహము అక్కరలేదు. అట్టిది మన చేతి ఫోనులోనే యున్నది. ప్రపంచములోని ఏ ప్రాంతపు గడియారము ఏ తేదీన ఎట్లు నడచినదో తెలుపు కాలమండలముల పట్టిక అది. అందులో మన దేశపు వరుసలు చూడదగినవి. నేడు మన కాలము గ్రీనిచ్ కాలము కంటె 5 గంటల 30 నిమిషములు ముందు. కాని రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1942 సెప్టెంబరు 1 నుండి 1945 అక్టోబరు 15 వరకు, గడియారములను ఒక గంట ముందుకు జరిపినారు; అప్పుడు తేడా 6 గంటల 30 నిమిషములు. 1943లో గడియారము ప్రకారము ఉదయము 7 గంటలకు పుట్టినవారు నేటి లెక్కలో 6 గంటలకు పుట్టినట్లు. జాతకములు వ్రాయువారు ఈ గంటను నేటికిని తీసివేయుచుందురు. నియమము పోయి ఎనుబది ఏండ్లు గడచినను, దాని క్రింద పుట్టినవారున్నారు గనుక పట్టికలో ఆ వరుస నిలిచియున్నది. ఏ దేశమైనను తన కాలనియమమును మార్చినపుడు పట్టికలో వరుస చేరును. ఫోనులోని ప్రోగ్రాము మారదు.

ఋజువు

విజ్ఞానశాస్త్రములో ప్రయోగము లేని సిద్ధాంతమునకు విలువ లేదు. ఏకీకరణమునకును అంతే. పాత ప్రోగ్రాము, క్రొత్త ప్రోగ్రాము రెండింటికిని ఏండ్లనాటి బిల్లులనే ఇచ్చి, జవాబులను పోల్చవలెను. ముఖ్యముగా నియమము మారిన రోజు, దాని ముందురోజు, మరుసటిరోజు బిల్లులను తప్పక చేర్చవలెను. తప్పులు సామాన్యముగా సరిహద్దులలోనే దాగియుండును.

జవాబులు వేరైనచోట క్రొత్తదే తప్పని తీర్మానింపరాదు. పాతదే తప్పు కావచ్చును. అప్పుడు ఏమి చేయవలెను? దీనికి పేరుపొందిన ఉదాహరణము 1900 ఫిబ్రవరి 29. నాలుగుతో భాగింపబడు సంవత్సరము లీపు సంవత్సరము. కాని శతాబ్ది సంవత్సరము 400తో భాగింపబడిననే లీపు సంవత్సరము. కావున 1900 లీపు సంవత్సరము కాదు. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 అను ప్రోగ్రాము దానిని లీపు సంవత్సరముగా లెక్కించినది. దాని తరువాత వచ్చిన ఎక్సెల్, లోటస్‌లో తయారైన లెక్కల తేదీలు చెదరకుండుటకై, తెలిసియే ఆ తప్పును నిలుపుకొన్నది. నేటికిని ఎక్సెల్‌లో 1900 ఫిబ్రవరి 29 అను లేని రోజు ఉన్నది! దిద్దినచో తరువాతి తేదీల సంఖ్యలన్నియు ఒకటి చొప్పున మారి, పాత లెక్కలెన్నో చెడిపోవును. తప్పును దిద్దుటయా, నిలుపుటయా అనునది ప్రోగ్రాము వ్రాయువాడొక్కడే గుట్టుగా తీర్మానింపదగిన విషయము కాదు. దానిని వ్రాసిపెట్టి, లెక్కకు బాధ్యులైనవారి యెదుట ఉంచవలెను.

తరగతిలో చేయదగిన అభ్యాసము

దీనికి కంప్యూటరు అక్కరలేదు. విద్యార్థులను నాలుగు జట్లుగా చేసి నాలుగు వస్తువులు ఇండు: నోటుపుస్తకము, పెన్సిలు, రబ్బరు, జామెట్రీ పెట్టె. 2025 సెప్టెంబరు 21 వరకు పన్ను వరుసగా 12, 12, 5, 12 శాతము. 22వ తేదీనుండి సున్న, సున్న, సున్న, 5 శాతము. ప్రతి జట్టును తన వస్తువునకు పట్టిక వ్రాయవలెను. పిమ్మట ఏ రెండు పట్టికలను కలుపవచ్చునో వాదించవలెను. జామెట్రీ పెట్టెను నోటుపుస్తకముతో కలుపుదుమని సెప్టెంబరు 21న అనినవారు, 22న ఏమందురో అడుగుడు. చివరకు 20వ తేదీన కొని 24న వాపసు ఇచ్చిన జామెట్రీ పెట్టెకు ఎంత సొమ్ము తిరిగి ఇయ్యవలెనో లెక్కింపజేయుడు. పెట్టె వెల నూరు రూపాయలైనచో 105 అని చెప్పినవారు క్రొత్తనీటిని మాత్రమే చూచినవారు. 112 అని చెప్పినవారు ఈ పాఠమును గ్రహించినవారు.

నియమములు ఇకముందును మారుచునే యుండును. ఏనాటి బిల్లుకు ఆనాటి న్యాయము జరుగవలెనన్నచో, ప్రోగ్రామును క్రొత్తదిగా చేయువాడు మొదట పాతదానిని శ్రద్ధతో చదువవలెను. లేనిచో ఆ తప్పునకు మూల్యము చెల్లించునది కంప్యూటరు కాదు. వాపసు సొమ్ము తక్కువగా పుచ్చుకొన్న గృహిణియో, పింఛను కొరకు కార్యాలయముల చుట్టు తిరుగు వృద్ధ ఉపాధ్యాయుడో దానిని చెల్లించును.